జుట్టు పలచబడితే నూనె సీసా ముందా, రక్త పరీక్ష ముందా?

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. జుట్టు ఊడిపోతుంటే మాత్రం ఎవరికి వారే అద్దం ముందు నిలబడి లోలోపల కుమిలిపోతారు. బయటికి చెబితే "ఇదీ ఒక జబ్బేనా?" అని నవ్వుతారేమోనన్న భయం. పెళ్ళి కావలసిన అమ్మాయి జడ సన్నబడితే తల్లికి నిద్ర పట్టదు. ఇరవై అయిదేళ్ళకే నుదురు పైకి పాకిన అబ్బాయి ఫోటో దిగాలంటే టోపీ వెతుక్కుంటాడు. ఈ మౌనాన్ని సొమ్ము చేసుకునే వ్యాపారం మాత్రం ఏనాడూ మౌనంగా ఉండదు. నిజామాబాదు నుండి బోధన్ దాకా ఏ ఊరికి వెళ్ళినా, కొద్ది రోజుల్లోనే జుట్టు మొలిపిస్తామనే ప్రకటన ఏదో ఒక గోడ మీద గాని, చేతిలోని ఫోనులో గాని కనిపిస్తూనే ఉంటుంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. జుట్టు రాలడమన్నది ఒక్క జబ్బు కాదు. కడుపునొప్పికి పది కారణాలు ఉన్నట్టే దీనికీ ఉన్నాయి. కొన్నింటికి మందే అక్కరలేదు. కొన్నింటికి మందు ఉంది గాని జీవితాంతం వాడాలి. కొన్నింటిలో జుట్టు సంగతి అటుంచి, ఒంట్లో ఉన్న మరొక జబ్బును ముందు పట్టుకోవాలి. ఈ తేడా తెలియకుండా అందరూ ఒకే సీసా కొనడం వల్లనే డబ్బూ పోతోంది, కాలమూ పోతోంది.

వెంట్రుక లెక్క

మనిషి తల మీద ఇంచుమించు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కొక్కటి రెండు నుండి ఆరేళ్ళ వరకు పెరుగుతుంది, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున. ఆ తర్వాత కొన్నాళ్ళు పెరగడం ఆపి, దాదాపు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. అదే కుదురు నుండి మళ్ళీ కొత్తది వస్తుంది. పొలంలో అన్ని మళ్ళూ ఒకేసారి కోతకు రానట్టే తల మీది వెంట్రుకలు కూడా వంతులవారీగా రాలుతాయి. అందుచేత రోజుకు యాభై నుండి వంద వెంట్రుకలు పోవడం ఆరోగ్యవంతులకు కూడా మామూలే.

ఇక్కడే చాలామంది భయపడిపోతారు. ఆదివారం ఆరాధనకు వెళ్ళాలని శనివారం మాత్రమే తలంటుకునే సహోదరి చేతికి వారం రోజుల వెంట్రుకలు ఒక్కసారే వస్తాయి. నీళ్ళు పోయే తూము దగ్గర ఉండ కట్టిన ఆ వెంట్రుకలు చూసి గుండె జారిపోతుంది. అది వారం లెక్క, ఒక్క రోజుది కాదు. అనుమానం ఉంటే తలస్నానం చేసి ఒక రోజు గడిచాక, యాభై అరవై వెంట్రుకలను వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా చివరి దాకా లాగండి. రెండో మూడో వస్తే కలవరపడనక్కరలేదు. ఆరు దాటి వస్తుంటే, తలపై వేరే చోట్ల కూడా అలాగే వస్తుంటే వైద్యుడికి చూపించవలసిందే.

జ్వరం తగ్గిన మూడు నెలలకు

మన ప్రాంతంలో ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. వానాకాలంలో టైఫాయిడో, డెంగ్యూనో, చికున్‌గున్యానో వచ్చి పోతుంది. మనిషి కోలుకుని పనికి కూడా వెళుతుంటాడు. దసరా, దీపావళి నాటికి దువ్వెన నిండా వెంట్రుకలు. జ్వరం సంగతి అప్పటికి అందరూ మరచిపోయి ఉంటారు కాబట్టి నేరం కొత్తగా కొన్న షాంపూ మీదకో, బోరు నీళ్ళ మీదకో పోతుంది. 2020, 2021లలో కరోనా సోకినవారిలో కూడా ఎంతోమందికి ఇలాగే రెండు మూడు నెలల తర్వాత జుట్టు గుత్తులు గుత్తులుగా రాలింది.

జరిగేదేమిటంటే, ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు శరీరం అత్యవసరం కాని పనులను పక్కన పెడుతుంది. జుట్టు పెంచడం అలాంటి పని. పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారే విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. ఆ విశ్రాంతి మూడు నెలలు గనుక, రాలడం కూడా అప్పుడే మొదలవుతుంది. అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1961లో దీన్ని వివరించి 'టెలోజెన్ ఎఫ్లూవియం' అని పేరు పెట్టాడు. పేరు భయంకరంగా ఉన్నా స్వభావం సాధువైనదే. కుదుళ్ళు చావవు. మూడు నుండి ఆరు నెలల్లో రాలడం దానంతట అదే తగ్గిపోతుంది, కొత్త జుట్టు వస్తుంది. అయితే పాత పొడవు రావాలంటే ఏడాదికి పైగా పడుతుంది, ఎందుకంటే నెలకు ఒక సెంటీమీటరే కదా.

ఈ సంగతి నూనెలు అమ్మేవారికి బాగా కలిసివచ్చింది. జుట్టు విపరీతంగా రాలుతున్నప్పుడు మనం సీసా కొంటాం. మూడు నెలలు రాస్తాం. ఏమీ రాయకపోయినా ఆ మూడు నెలల్లో తగ్గిపోయేదే. పేరు మాత్రం సీసాకు దక్కుతుంది. పక్కింటివారికి మనమే సాక్ష్యం చెబుతాం.

బాలింతల సంగతి కూడా ఇదే. గర్భంతో ఉన్నప్పుడు రాలవలసిన వెంట్రుకలు కూడా రాలకుండా నిలిచి, జడ ఒత్తుగా కనిపిస్తుంది. ప్రసవమైన రెండు మూడు నెలలకు నిలిచిపోయినవన్నీ కలిసి ఊడతాయి. బిడ్డకు పాలివ్వడం వల్లనే జుట్టు పోతోందని పాలు మాన్పించాలనుకునేవారు దయచేసి ఆ పని చేయవద్దు. పాలు మాన్పించినంత మాత్రాన రాలడం ఆగదు. బిడ్డ నష్టపోతుంది, అంతే. తల్లికి కావలసింది కడుపునిండా భోజనం, ప్రసవం తర్వాత ఇచ్చే ఐరన్ మాత్రలు, కాస్త నిద్ర.

ఆపరేషన్ తర్వాత, పెద్ద ప్రమాదం తర్వాత, ఆప్తులు చనిపోయిన దుఃఖంలో, త్వరగా సన్నబడాలని తిండి మానేసినప్పుడు కూడా ఇలా జరుగుతుంది. అందుకే జుట్టు రాలుతోందని వచ్చినవారిని మంచి వైద్యుడు మొదట అడిగే ప్రశ్న ఏ షాంపూ వాడుతున్నారని కాదు, మూడు నెలల క్రితం ఏమైందని.

రక్తం తక్కువైన తల్లులు

నిజాంసాగర్ కాలువ నీళ్ళతో పచ్చబడిన నేల ఇది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన ఆ ప్రాజెక్టు వల్లనే బోధన్, ఎడపల్లి, కోటగిరి, వర్ని, రుద్రూరు వైపు చెరకు, వరి విస్తరించాయి. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతబడే దాకా ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టింది. ఇంత పంట పండే చోట ఆడవారి ఒంట్లో రక్తం లేదంటే నమ్మబుద్ధి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే మన సంఘంలో ఆడవారి వరుసలో కూర్చున్న ప్రతి ఇద్దరిలో ఒకరికి అన్నమాట.

రోజంతా బీడీలు చుట్టే తల్లిని తీసుకోండి. ఉదయం టీ, మధ్యాహ్నం చుట్టాల్సిన ఆకు అయిపోయాక అన్నం, మళ్ళీ సాయంత్రం టీ. కూర ఇంటిల్లిపాదికీ వడ్డించాక మిగిలినంత. దీనికి తోడు నెలనెలా ఎక్కువగా పోయే రుతుస్రావం. చెరకు తోటలో, వరి మడిలో ఒట్టి కాళ్ళతో పనిచేసేవారికి కొంకి పురుగుల బెడద మరొకటి. అవి పాదాల చర్మం గుండా ఒంట్లోకి చేరి పేగులను పట్టుకుని రక్తం పీలుస్తాయి. ఒంట్లో ఇనుము తగ్గితే ఆయాసం, తలతిరగడం, గోళ్ళు పలచబడటం వస్తాయి. జుట్టు కూడా తల అంతటా సమంగా పలచబడుతుంది. కొందరిలో హిమోగ్లోబిన్ పరవాలేదనిపించినా, ఇనుము నిల్వలు అడుగంటి ఉంటాయి. ఆ నిల్వను తెలిపే పరీక్షను ఫెరిటిన్ అంటారు. జుట్టు రాలే స్త్రీకి హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, ఈ మూడూ చేయిస్తే చాలాసార్లు దారి తెలిసిపోతుంది.

చికిత్స ఖరీదైనది కాదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఐరన్-ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఉచితంగా ఇస్తారు. వాటిని టీతో గాని, టీ తాగిన వెంటనే గాని వేసుకోరాదు. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసంతోనో, జామపండు తిన్నాకనో వేసుకుంటే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే కంగారు పడి మానేయవద్దు, అది మాత్ర రంగే. రక్తం పెరిగాక కూడా నిల్వలు నిండడానికి మరో మూడు నెలలు వాడాలి. వైద్యుడు చెబితే పురుగుల మాత్ర కూడా. గోంగూర, తోటకూర, రాగులు, గుడ్డు, మాంసం, కాలేయం మంచివి. చెరకు సీమలో ఉంటూ బెల్లాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి మాకు మనసొప్పదు గాని, బెల్లం ముక్కతోనే రక్తం పట్టేస్తుందన్న నమ్మకం మాత్రం సరికాదు. అందులో ఉండే ఇనుము కొద్దిపాటిది, అదీ వండిన పెనాన్ని బట్టి మారుతుంది.

థైరాయిడ్ గ్రంథి మందగిస్తే జుట్టు ఎండుగడ్డిలా బరుసెక్కుతుంది, మనిషి లావెక్కుతుంది, చలికి తట్టుకోలేరు. రోజూ ఒక మాత్రతో ఇది అదుపులో ఉంటుంది. యుక్తవయస్సు అమ్మాయిలలో నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు వస్తూ, నడినెత్తిన జుట్టు పలచబడుతుంటే అండాశయాలలో నీటితిత్తుల సమస్య ఉందేమో చూడాలి. సిగ్గుతో దాచిపెడితే ముందు ముందు మధుమేహానికి, సంతానలేమికి దారితీయవచ్చు.

ఇక బయోటిన్ మాత్రలు. ఇప్పుడు ప్రతి మందుల దుకాణంలోనూ అడగకుండానే ఇస్తున్నారు. బయోటిన్ లోపం మామూలుగా తిండి తినేవారిలో అరుదు. పెద్ద మోతాదులో వాడితే థైరాయిడ్ పరీక్షలు, గుండెపోటును గుర్తించే పరీక్ష కూడా తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ సంస్థ 2017లో హెచ్చరించింది. కొన్ని పోషకాలు ఎక్కువైనా జుట్టు ఊడుతుంది. విటమిన్ ఏ అలాంటిదే, సెలీనియం అలాంటిదే. మహారాష్ట్రలోని బుల్దానా జిల్లా షేగావ్ తాలూకా గ్రామాల్లో 2024 చివర, 2025 మొదట్లో పెద్దలకూ పిల్లలకూ ఉన్నట్టుండి రోజుల వ్యవధిలో తలలు బోడి అయిపోయిన వార్త పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మొదట అందరూ బావి నీళ్ళను, ఫంగస్‌ను అనుమానించారు. తేలు కాటు చికిత్సలో పేరుపొందిన వైద్యుడు హిమ్మత్‌రావ్ బావస్కర్ పరిశీలించి, రేషన్ గోధుమల్లో సెలీనియం మితిమీరి ఉండటమే కారణమని చెప్పారు. అందుచేత జుట్టుకు మంచిదట అని ఏ మాత్రనూ గుప్పెడు మింగవద్దు.

గల్ఫ్ నీళ్ళు

నిజామాబాదు జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. ఒత్తయిన క్రాఫుతో వెళ్ళిన కుర్రవాడు మూడేళ్ళకు నడినెత్తి మెరుస్తూ దిగుతాడు. "అక్కడి నీళ్ళు పడలేదు" అంటారు ఇంట్లోవాళ్ళు. నీళ్ళలో సున్నం ఎక్కువైతే వెంట్రుక గరుకెక్కి మధ్యలో తెగవచ్చు. ఈ విషయంలో జరిగిన పరిశీలనలు కూడా ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు. కొన్నింటిలో వెంట్రుక బలం తగ్గింది, కొన్నింటిలో తేడా కనిపించలేదు. ఏమైనా, నీళ్ళు తగిలేది చర్మం పైకి వచ్చిన వెంట్రుకకే గాని లోపలి కుదురుకు కాదు. కుర్రవాడు వెళ్ళిన వయస్సు చూడండి, ఇరవై రెండు. వచ్చింది ఇరవై అయిదుకు. వంశపారంపర్యపు బట్టతల మొదలయ్యే ఈడు సరిగ్గా అదే. ఊళ్ళోనే ఉండిపోయిన వాళ్ళ అన్నయ్య తలను, మేనమామ తలను కూడా చూసి మాట్లాడితే నీళ్ళ మీది నింద కొంత తగ్గుతుంది. అప్పు తీర్చాలన్న దిగులు, సరైన తిండి లేకపోవడం, నిద్రలేమి మాత్రం నిజమే. అవి రాలడాన్ని ఎక్కువ చేయగలవు.

కనుబొమలు పలచబడితే

ఇప్పుడు చెప్పబోయేది కాస్త జాగ్రత్తగా చదవమని మనవి. జుట్టు రాలడానికీ మన జిల్లాకూ ఉన్న పాత సంబంధం ఇందులో ఉంది.

కనుబొమ బయటి కొస నుండి వెంట్రుకలు రాలడం మొదలైతే రెండు మూడు జబ్బులను తలచుకోవాలి. ఒకటి, పైన చెప్పిన థైరాయిడ్. మరొకటి కుష్ఠు. కుష్ఠు క్రిమి చల్లని చోటును ఇష్టపడుతుంది. కనుబొమలు, ముక్కు, చెవి తమ్మెలు, చేతులు, కాళ్ళు చల్లగా ఉండే భాగాలు. నెత్తి వెచ్చగా ఉంటుంది కాబట్టి చాలామంది కుష్ఠు రోగులకు తల జుట్టు చెక్కుచెదరకుండా ఉండి, కనుబొమలు మాత్రం పోతాయి. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఏర్పడి, ఆ మచ్చలో వెంట్రుకలు మొలవకుండా, చెమట పట్టకుండా, గిల్లినా తెలియకుండా ఉండటం మరొక గుర్తు. తల జుట్టు ఊడుతోందని "ఇది ఆ జబ్బేమో" అని హడలిపోయేవారు ఎందుకు హడలనక్కరలేదో దీనివల్ల అర్థమవుతుంది. కనుబొమ పలచబడినా పట్టించుకోనివారు ఎందుకు పట్టించుకోవాలో కూడా.

పూర్వం కనుబొమలు పోయిన మనిషిని ఊరు దూరం పెట్టేది. ముఖమే సాక్ష్యం చెప్పేది గనుక దాచుకునే వీలు లేదు. అలా వెలివేయబడినవారు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నిజామాబాదులోని ఒక దవాఖానా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. అక్కడ వైద్యం చేస్తున్నది స్కాట్లండు నుండి 1907లో మన దేశానికి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు. ఆమె భర్త జార్జి కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. మామూలు రోగుల మధ్య కుష్ఠు రోగులను ఉంచడానికి జనం ఒప్పుకోని రోజులవి. వారికంటూ వేరే స్థలం కావాలని ఆ దంపతులు పూనుకున్నారు. నిజామాబాదుకు చెందిన హిందూ దాత రాజా నర్సాగౌడ్ పెద్ద విరాళం ఇచ్చారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆస్పత్రి ఆరంభమైంది. హైదరాబాదు నుండి నిజామాబాదు వచ్చే దారిలో ఆ పేరు వినని వారుండరు.

అప్పటి మందు అడవి బాదం జాతి చెట్ల గింజల నూనె. చాల్‌మోగ్రా నూనె అని పేరు. తాగితే వాంతులు. తర్వాతి కాలంలో దాన్ని శుద్ధి చేసి సూదిమందుగా ఇచ్చారు, అదీ నెలల తరబడి, పదే పదే, నొప్పి ఓర్చుకుంటూ. ఆ నూనెతో ఎంతమందికి నిజంగా నయమైందన్నది నేటికీ వాదమే. అయినా మనిషిని గేటు లోపలికి రానిచ్చి, పుండ్లు కడిగి, పని నేర్పిన ఆ చోటికి రోగులు కాలినడకన వచ్చారు. 1940లలో సల్ఫోన్ మందులు వచ్చాక నూనె సూదుల కాలం ముగిసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేసింది. నేడు అదే మందు ఆరు నెలలు గాని, పన్నెండు నెలలు గాని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది కాలంలోనే రోగి నుండి ఇతరులకు సోకడం ఆగిపోతుంది. వేరుగా ఉంచనవసరం లేదు, పళ్ళెం వేరు చేయనవసరం లేదు.

పోయిన కనుబొమలు మాత్రం అన్నిసార్లూ తిరిగి రావు. జబ్బు నయమయ్యాక తల చర్మం నుండి వెంట్రుకలతో సహా తీసి కనుబొమకు అతికే శస్త్రచికిత్స ఉంది. ముఖానికి కనుబొమలు రావడమంటే ఆ మనిషికి మళ్ళీ ఊళ్ళోకి దారి దొరకడమే. జుట్టు వైద్యమంటే షోకు అని తీసిపారేసేవారు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

పేనుకొరుకుడు, తామర

ఉన్నట్టుండి తల మీద రూపాయి బిళ్ళంత నున్నని మచ్చ. దురద లేదు, మంట లేదు. దీన్నే మనవాళ్ళు పేనుకొరుకుడు అంటారు. పేను పాపం నిర్దోషి! మన ఒంట్లోని రక్షణ కణాలే దారి తప్పి కుదుళ్ళ మీద దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. ఒకరి నుండి ఒకరికి అంటదు. మచ్చ చిన్నదైతే చాలామందికి ఏడాది లోపల దానంతట అదే జుట్టు వస్తుంది. త్వరగా రావాలంటే వైద్యులు మచ్చలోనే సన్నని సూదితో స్టెరాయిడ్ మందును నాలుగు నుండి ఆరు వారాలకు ఒకసారి ఇస్తారు. తల అంతా పోయిన తీవ్ర రోగులకు బారిసిటినిబ్ అనే మాత్రను అమెరికా 2022లో ఆమోదించింది. ఒంటి రక్షణ శక్తిని తగ్గించే మందు గనుక క్షయ పరీక్ష చేయించాకే, నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి. గురివింద గింజ అరగదీసి పట్టించే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. గురివింద విషం. తల చర్మం పుండు పడుతుంది, పిల్లల నోట్లోకి పోతే ప్రాణమే పోవచ్చు.

పిల్లల తల మీద పొలుసులు లేచి, దురద పెట్టి, వెంట్రుకలు మొదలంటా విరిగి నల్లని చుక్కల్లా కనిపిస్తే అది తామర. ఇది అంటుతుంది. పైపూత చాలదు. ఆరు నుండి ఎనిమిది వారాలు కడుపులోకి మాత్ర వాడాలి. దువ్వెన, తువ్వాలు, దిండు వేరుచేయాలి. ఆలస్యమైతే చీము పట్టి, మచ్చ పడి, ఆ చోట ఇక జుట్టు రాదు.

గట్టిగా లాగి రెండు జడలు వేయడం వల్ల చెంపల దగ్గర, నుదుటి అంచున జుట్టు పోతుంది. దీనికి మందు జడ వదులుగా వేయడమే. కాన్సర్ మందుల వల్ల పోయిన జుట్టు సాధారణంగా చికిత్స ముగిసిన కొన్ని నెలలకు తిరిగి వస్తుంది.

తండ్రి నుండో తల్లి నుండో వచ్చిన బట్టతల

మిగిలింది అందరికీ తెలిసిన బట్టతల. మగవారికి నుదుటి మూలలు, నడినెత్తి ఖాళీ అవుతాయి. ఆడవారికి నుదుటి అంచు నిలిచి, పాపిట వెడల్పవుతుంది. అమెరికా పరిశోధకుడు జేమ్స్ హామిల్టన్ 1942లో దీని మూలం చూపించాడు. యుక్తవయస్సుకు ముందే వృషణాలు కోల్పోయిన మగవారికి బట్టతల రావడం లేదని గమనించాడు. మగ హార్మోను, దానికి లొంగే కుదుళ్ళను ఇచ్చే వంశం, ఈ రెండూ కలిస్తేనే బట్టతల. ఇది తల్లి వైపు నుండే వస్తుందన్న మాట సగమే నిజం. ఇరువైపుల నుండీ రావచ్చు.

దీనికి నిలదొక్కుకున్న మందులు రెండే. మొదటిది మినాక్సిడిల్. అసలు రక్తపోటుకు కనిపెట్టిన మాత్ర అది. వేసుకున్నవారికి ఒళ్ళంతా వెంట్రుకలు రావడం చూసి తలకు రాసే ద్రావణంగా మార్చారు. అమెరికాలో మగవారికి 1988లో, ఆడవారికి 1991లో అనుమతి వచ్చింది. పొడి తల మీద, చర్మానికి తగిలేలా రాయాలి. మొదటి కొద్ది వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలుతుంది. ఇక్కడే చాలామంది భయపడి మానేస్తారు. పాత వెంట్రుకలను నెట్టి కొత్తవి వస్తున్నాయని దాని అర్థం. ఫలితం తెలియడానికి నాలుగు నెలలు, సరిగా తేల్చుకోవడానికి ఏడాది పడుతుంది. మానేస్తే వచ్చిన జుట్టు కొద్ది నెలల్లోనే పోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడరాదు. ఇటీవల తక్కువ మోతాదు మాత్రగా కూడా రాస్తున్నారు. గుండె జబ్బు ఉన్నవారు ఆ మాట వైద్యుడితో ముందే చెప్పాలి.

రెండవది ఫినాస్టెరైడ్. ఒకే మందు 1992లో 5 మిల్లీగ్రాములుగా ప్రోస్టేట్ గ్రంథి వాపుకు, 1997లో 1 మిల్లీగ్రాముగా మగవారి బట్టతలకు అమెరికాలో అనుమతి పొందింది. హార్మోను కుదుళ్ళపై పనిచేయకుండా ఆపుతుంది. చాలామందిలో ఉన్న జుట్టును నిలబెడుతుంది. కొద్దిమందిలో దాంపత్య కోరిక తగ్గడం, మనసు కుంగిపోవడం జరగవచ్చు. ఈ విషయం భార్యాభర్తలిద్దరికీ తెలిసి ఉండాలి. గర్భం ధరించే అవకాశమున్న స్త్రీలు దీన్ని వాడరాదు. నలిగిన మాత్రను చేత్తో ముట్టకపోవడమే మంచిది, కడుపులోని మగబిడ్డ అవయవాల ఎదుగుదలకు హాని కలగవచ్చు. వాడుతున్నంత కాలం, మానిన నెల వరకు రక్తదానం చేయరాదు. ప్రోస్టేట్ కాన్సర్ కోసం చేసే పీఎస్ఏ పరీక్ష దీనివల్ల సుమారు సగానికి తగ్గి కనిపిస్తుంది కాబట్టి పెద్దవయస్సు వారు పరీక్షకు ముందు చెప్పాలి.

మన రక్తాన్నే తీసి, వడగట్టి తలలోకి సూదులతో ఎక్కించే పద్ధతి ఇప్పుడు పట్టణాల్లో జోరుగా నడుస్తోంది. కొందరికి ఉపయోగపడుతోంది, అందరికీ కాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చేస్తున్నందున ఫలితమూ ఒకేలా ఉండదు.

చివరిది జుట్టు మార్పిడి. అమెరికాలో నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1950లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. తల వెనుక భాగపు కుదుళ్ళు హార్మోనుకు లొంగవు. వాటిని తీసి ముందు నాటినా ఆ గుణం పోదు. వరి నారు పీకి మడిలో నాటినట్టే. అయితే నారుమడి ఎంత ఉంటే నాటు అంతే. వెనుక జుట్టే పలచనైతే నాటడానికి ఏమీ ఉండదు. ఇరవై ఏళ్ళకే తొందరపడి ముందు భాగం నింపుకున్నవారికి, తర్వాత దాని వెనుక ఖాళీ పడి దీవిలా మిగిలిపోతుంది. జ్వరం తర్వాత రాలేదానికి, ఇంకా వ్యాపిస్తున్న పేనుకొరుకుడుకు ఇది చేయరాదు. అర్హత లేనివారు గదులు అద్దెకు తీసుకుని చేయడం వల్ల దేశంలో కొన్నిచోట్ల ప్రాణాలు కూడా పోయాయి. శిక్షణ పొందిన రిజిస్టర్డు వైద్యులే చేయాలని, వర్క్‌షాపులో చూసి నేర్చుకున్నది చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. బల్ల మీద పడుకునే ముందు, కత్తి పట్టేది ఎవరో, ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఎంతో, మత్తు వికటిస్తే దగ్గరలో ఏ ఆస్పత్రికి తీసుకువెళతారో అడగండి. అడిగినందుకు విసుక్కునే చోట డబ్బు కట్టకుండా లేచి రావచ్చు.